పసిబిడ్డలతో శాంతియాగోకు

తీర్థయాత్రల చరిత్రమును వ్రాసినవారు రాజులను గూర్చి వ్రాసిరి. ఆచార్యులను, సన్న్యాసులను, సార్థవాహులను గూర్చి వ్రాసిరి. ఏ రాజు ఏ గుడికి ఎన్ని గ్రామములిచ్చెనో, ఏ యతి ఎన్ని మాసములకు కాశి చేరెనో శాసనములును గ్రంథములును జెప్పుచునే యున్నవి. కాని ఆ బాటల వెంబడి తల్లి చంకనో తండ్రి భుజముననో కూర్చుండి పోయిన పసిబిడ్డను గూర్చి చెప్పినవారు మిక్కిలి యరుదు. నడువలేనివాడు యాత్రికుడెట్లగునని తలచిరి కాబోలు. మన వాఙ్మయమున ఈ లోటును కొంత తీర్చినది హరిశ్చంద్రుని కథ. రాజ్యము పోగొట్టుకొని కాలినడకను కాశికి బయలుదేరిన ఆ దంపతుల వెంట లోహితాస్యుడు లేకున్నచో, గౌరన ద్విపదను జదివినప్పుడు గాని, నాటకశాలలో కూర్చున్నప్పుడు గాని మన కన్నులు చెమ్మగిల్లునా యని నా సందేహము. సత్యవ్రతము రాజుది, ఆకలి బిడ్డది.

అట్టి తండ్రి యొకడు ఐరోపాఖండమున గూడ గలడు. అతడు రాజు కాడు. అతని పేరైనను మనకు దక్కలేదు. ఫ్రాన్సు దేశమున పశ్చిమభాగమున నున్న ప్వాతూ సీమవాడని మాత్రము తెలియుచున్నది. 1100వ సంవత్సరమున భార్యను, ఇద్దరు చిన్నబిడ్డలను వెంటబెట్టుకొని అతడు స్పెయిను దేశమందలి శాంతియాగో క్షేత్రమునకు బయలుదేరెను. అతని కథ ఒక లాటిను గ్రంథమున ఒకటి రెండు పుటలలో నిమిడియున్నది. ఆ పుటలను ఆధారముగా గొని ఆనాటి బాటను, ఆ బాటపై బిడ్డలతో నడచువాని పాట్లను చదువరుల యెదుట నుంచవలెనని నా యుద్దేశము.

ముందుగా క్షేత్రమును గూర్చి రెండు మాటలు. స్పెయినునకు వాయవ్యమూలను గలీసియా యను వానలసీమ గలదు. 9వ శతాబ్ది తొలిభాగమున థియోదోమిరో అను బిషప్పు అచ్చట నొక సమాధిని గనుగొని, అది క్రీస్తు శిష్యులలో నొకడైన యాకోబుదని ప్రకటించెను. రెండవ అల్ఫాన్సో రాజు దానిపై గుడి కట్టించెను. 997లో కొర్దోవా సేనాని అల్‌మన్సూరు దండెత్తివచ్చి ఆ పట్టణమును గొల్లగొట్టెను. 1075లో ఇప్పటి పెద్దదేవాలయమునకు పునాది పడినది. ఆ యెముకలు నిజముగా యాకోబువేనా యను వివాదము చరిత్రకారులలో తీరలేదు, తీరునదియు కాదు. వేలకొలది జనులు నమ్మి నడచిరి. ఆ నడక చరిత్ర.

12వ శతాబ్ది మధ్యకాలమున ఆ క్షేత్రమహిమను గూర్చి ఒక గ్రంథము సంకలితమైనది. దానిని ‘లిబెర్ సాంక్తి యాకోబి’ యందురు. రెండవ కలిస్తుసు పోపు దీని కర్తయని ఉపోద్ఘాతము చెప్పుచున్నది గాని ఆయన 1124లోనే మరణించెను. పండితులా మాటను నమ్మరు. మన స్థలపురాణములను వ్యాసుని పేర పెట్టినట్లే ఇదియు. ఇందు అయిదు భాగములు. రెండవభాగమున 22 అద్భుతకథలు గలవు. అయిదవభాగము యాత్రికులకు బాట చూపు పుస్తకము. మన ప్వాతూవాని కథ రెండవభాగమున ఆరవది.

కథ యిట్లున్నది. ఆ యేట ప్వాతూలో మహామారి సోకి, కొన్ని యిండ్లలో యజమానితో గూడ కుటుంబమంతయు శ్మశానము పాలగుచుండెను. ఒక గృహస్థుడు భయపడి, ఈ యుపద్రవమును దప్పించుకొనుటకు యాకోబు సన్నిధికి పోవుదమని నిశ్చయించుకొనెను. భార్యను, ఇద్దరు బిడ్డలను తన యాడుగుఱ్ఱముపై నెక్కించి, పిరెనీసు కొండలను దాటి పాంప్లోనా నగరము చేరెను. అచ్చట నొక పూటకూళ్ల యింట భార్య మరణించెను. ఆమె మరణమే అదనుగా గైకొని, ఆ యింటివాడు దంపతులు తెచ్చుకొన్న ధనమును, గుఱ్ఱమును గూడ అన్యాయముగా నపహరించెను. భార్యను గోలుపోయి, సొమ్మును గోలుపోయి, వాహనమును గోలుపోయి ఆ తండ్రి బిడ్డలను మోసికొని మరల బాట పట్టెను. దారిలో సౌమ్యుడగు ఒక పెద్దమనిషి యెదురై, అతని దుఃఖమును విని, బలమైన తన గాడిదను ఎరువిచ్చి, శాంతియాగోలో మరల నొప్పగింపుమనెను. అతడు క్షేత్రము చేరి రాత్రి గుడిలో ప్రార్థించుచుండగా యాకోబే ప్రత్యక్షమై, గాడిద నిచ్చినది తానేయనియు, ఇల్లు చేరువరకు దానిని ఉంచుకొనవచ్చుననియు, ఆ పూటకూళ్లవాడు మెడ విఱిగి చచ్చుననియు జెప్పెను. అట్లే జరిగెను. స్వగ్రామమున తన వాకిట బిడ్డలను దింపగానే గాడిద అదృశ్యమాయెను.

అద్భుతమును నమ్మువారు నమ్ముదురు గాక. నాకు మాత్రము ఈ కథలో గాడిదకంటె గుఱ్ఱము ముఖ్యముగా దోచుచున్నది. ప్వాతూ నుండి పాంప్లోనాకు 500 కిలోమీటర్లకు పైమాట. పాంప్లోనా నుండి శాంతియాగోకు సుమారు 700. ఒంటరివాడు దినమునకు పాతిక కిలోమీటర్లు నడిచినచో ఈ రెండవభాగము నెలదినములలో ముగియును. ఇద్దరు బిడ్డలను మోయుచు దినమునకు పండ్రెండు నడిచినచో రెండు నెలలు పట్టును. రెండేండ్ల బిడ్డ పది పండ్రెండు కిలోల బరువుండును. ఒకనిని వీపున గట్టుకొని మఱొకనిని చంకనెత్తుకొన్న తండ్రికి రొట్టెమూట మోయుటకు చేయి మిగులదు. మన శ్రవణకుమారుడు తల్లిదండ్రులను కావడిలో మోసెను. ఇతడు బిడ్డలను మోసెను. బరువు తక్కువే గాని, ముసలివారు దారిలో ఏడ్వరు, పాలడుగరు. బిడ్డల వయస్సును గ్రంథకర్త చెప్పలేదు, చిన్నవారనుటతో సరిపెట్టెను. అందులో ఒకరు చనుబాలు మానని శిశువైనచో పాంప్లోనాలో తల్లితోడనే ఆ శిశువునకు అన్నముగూడ పోయినట్లే. ఆ కాలమున తల్లిపాలు లేని బిడ్డకు దాదియో, మేకపాలో, గంజియో తప్ప గతి లేదు. బాటసారికి ఊరూర దాది యెట్లు దొరకును? చనిపోయిన యిల్లాలి పేరును గూడ గ్రంథకర్త వ్రాయలేదు. ఆమెను ఎచ్చట పూడ్చిరో చెప్పలేదు. పూటకూళ్లవాని మెడ యెట్లు విఱిగెనో మాత్రము చెప్పినాడు.

ఆ బాట యెట్టిదో అదే గ్రంథములోని అయిదవభాగము చక్కగా వర్ణించుచున్నది. బోర్దో నగరము దాటగానే లాంద్ అను ఇసుకనేల వచ్చును. దానిని దాటుటకు మూడు దినములు పట్టును. రొట్టె లేదు, నీరు లేదు, ఊళ్లు అరుదు. వేసవియైనచో జోరీగలు మొగమున గప్పుకొనును. ఏమరినచో కాలు మోకాలివరకు ఇసుకలో దిగబడును. తరువాత ఏఱు. అచ్చటి పడవ ఒక్క చెట్టుమ్రానును దొలిచి చేసినది, గుఱ్ఱములను మోయజాలదు. పడవవారు మనిషికొక నాణెమును, గుఱ్ఱమునకు నాలుగును గొనుచుందురు. ఒక్కొక్కప్పుడు డబ్బు చేతబడినవెనుక పడవలో పరిమితికి మించి జనము నెక్కించి, నడియేట అది బోల్తాపడగా, మునిగినవారి సొత్తును దోచుకొందురట! అందుచేత కొలదిమందితో మాత్రమే పడవ యెక్కుడనియు, గుఱ్ఱమును కళ్లెము పట్టి వెనుక ఈదించుకొని పొండనియు ఆ గ్రంథకర్త హితము చెప్పుచున్నాడు. ఒక చేత కళ్లెము, ఒక చేత బిడ్డ! ఆ హితవు చెప్పినవాడు బిడ్డలు లేని బైరాగియే యైయుండవలెను. వసుదేవుడు శిశువును దలకెత్తుకొని యమునను దాటునప్పుడు ఏఱు దారి యిచ్చెనని భాగవతము చదివి మనము సంతోషింతుము. ప్వాతూవానికి ఏ యేఱును దారి యీయలేదు, నాణెములిచ్చి దాటవలసివచ్చెను.

ఏఱు దాటిన పిమ్మట పిరెనీసు కొండలు. ఎక్కుటకు ఎనిమిది మైళ్లు, దిగుటకు ఎనిమిది మైళ్లని ఆ పుస్తకము లెక్కించినది. కొండకు ఆవలిపక్క రాన్సెస్‌వయ్యెస్ అను చోట తరువాతికాలమున మహాప్రసిద్ధమైన యాత్రికుల సత్రమొకటి వెలసినది. రోగియని, ఆరోగ్యవంతుడని, స్వమతస్థుడని, పరమతస్థుడని చూడక అందఱికిని తలుపు తెఱచునదని దానికి పేరు. కాని ఆ సత్రమును పాంప్లోనా బిషప్పు స్థాపించినది 1132 ప్రాంతమున. మన కుటుంబము ఆ కొండ దిగిన నాటికి అది లేదు. ముప్పది యేండ్లు ముందుగా పుట్టిన దోషమునకు ఆ యిల్లాలు పూటకూళ్ల యింట ప్రాణము విడిచినదని యనవచ్చునేమో.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ గ్రంథమును గూర్చినవారు ఫ్రాన్సు పక్షపాతులు. ప్వాతూ ప్రజలను శూరులనియు, సుందరులనియు, అతిథులను ఆదరించుటలో ధారాళులనియు పొగడిన లేఖినియే పాంప్లోనా చుట్టుపట్ల నున్న నవార్రా ప్రజలను నోటికి వచ్చినట్లు తిట్టినది. ఒకయూరి యేటిలో నీరు త్రాగి గుఱ్ఱములు చచ్చుననియు, వాని చర్మమొలుచుటకు ఇద్దరు నవార్రావారు గట్టున కత్తులు నూరుచు కూర్చుండిరనియు గూడ వ్రాసినది. కనుక మంచి యతిథి ప్వాతూవాడగుటయు, చెడ్డ యింటివాడు పాంప్లోనావాడగుటయు కొంత అనుమానింపదగినదే. ఐనను పూటకూళ్లవారిపై అభియోగము ఒక్క యూరికి సంబంధించినది కాదు. అదే గ్రంథమున 1090 నాటి కథలో, ఫ్రాన్సులోని తులూజు నగరమున, ఒక పూటకూళ్లవాడు తండ్రీకొడుకుల మూటలో వెండిగిన్నెను దాచి దొంగతనము మోపినట్లును, కొడుకు నురిదీసినట్లును ఉన్నది. మొదటిభాగములోని ఒక యుపదేశమునందు వీరి విద్యలన్నియు వరుసగా చెప్పబడినవి: ఊరి బయటికే యెదురేగి చుట్టములవలె కౌగిలించుకొని పిలుచుకొనిపోవుట, రుచి చూచుటకు మంచి ద్రాక్షరసమిచ్చి అమ్మునప్పుడు చెడ్డది పోయుట, దొంగకొలతలు, నిలువయుంచిన చేపలు. మన పుణ్యక్షేత్రములలో బండి దిగకముందే యాత్రికుని చేయిపట్టుకొను వారిని చూచినవారికి ఇదంతయు క్రొత్తగా దోపదు.

దొంగతనములలో మిక్కిలి లాభకరమైనది చనిపోయిన యాత్రికుని సొత్తు. అతని బంధువులు నూరామడల దూరమున నుందురు, అడుగువారు లేరు. పాంప్లోనా యింటివాడు భర్త బ్రతికియుండగానే దోచుకొనుట మఱింత సాహసము. చేతిలో ఇద్దరు బిడ్డలున్న పరదేశి న్యాయస్థానమునకు పోజాలడని వాడు గ్రహించియుండును. బిడ్డలు గలవాడు జగడమాడలేడు. ఈ సంగతి అన్ని దేశముల దొంగలకును దెలియును. గ్రంథమున ఈ నేరమునకు శిక్ష దైవము విధించినది. 13వ శతాబ్దిలో కాస్తీలు రాజులు దానికి మనుష్యశాసనమును జేసిరి. పదవ అల్ఫాన్సో నాటి ‘సియెతె పార్తిదాస్’ అను ధర్మగ్రంథము యాత్రికునికి మరణశాసనము వ్రాసికొను హక్కు కలదనియు, అట్లు వ్రాయక చనిపోయినచో అతని సొత్తు దిగిన యింటివానికి చెందదనియు, బిషప్పు దానిని భద్రపఱచి వారసులకు తెలియజేయవలెననియు విధించినది. ప్వాతూవాని కథ వంటివి ఊరూర చెప్పుకొనబడుటచేతనే ఇట్టి శాసనములు పుట్టినవని నేను తలచుచున్నాను.

ఇక గాడిద మాట. దైవము పంపిన గాడిద ఒక్క తండ్రికే యక్కఱకు వచ్చినది. వెనుక వచ్చినవారికి? అట్టి వాహనములు అందఱికి దొరకవు గనుక కొందఱు మనుష్యులు పాఱలు, సుత్తెలు చేతబట్టిరి. ఆ బాటపైననే నాహెరాకు పడమట దొమింగో అను నొక తాపసి యుండెను. ఆయన మఠములలో చేరబోగా ఎవరును చేర్చుకొనలేదని ప్రతీతి. అప్పుడాయన అడవి కొట్టి బాట వేసెను. ఓహా యేటికి వంతెన కట్టెను. యాత్రికులకు ఆశ్రయము కల్పించెను. 1109లో మరణించెను. కావున మనవాడు బిడ్డలతో ఆ వంక పోవునప్పటికి ఆ వృద్ధుడు బ్రతికియే యున్నాడు. ఏటిలో దిగక, పడవవానికి నాణెమీయక, రాతివంతెనపై బిడ్డలతో ఆవలికి నడచిపోవుట ఆ తండ్రికి ఎట్టి వరమో ఊహింపుడు. ఈ వంతెనను గూర్చి కథలో ఒక్క మాట లేదు. గాడిదను వర్ణించుటకు సిరా దొరకినది, వంతెనకు దొరకలేదు. కాని ఆ యూరికి నేటికిని బాటవేసిన దొమింగో పేరే నిలిచియున్నది: సాంతో దొమింగో దె లా కల్సాదా.

దొమింగో శిష్యుడు హువాను. దొమింగో యూరికి పడమట ఓకా కొండల నడవి, దొంగలకు ఆటపట్టు. అచ్చటనే హువాను మఠమును, సత్రమును గట్టించెను. అతడు 1163లో మరణించెను; అతని పేర హువాన్ దె ఓర్తేగా యను పల్లె నేటికిని గలదు. ఈ ఓకా కొండలకు మన ప్రస్తావనతో మఱొక సంబంధము గలదు. పై గ్రంథములోని మూడవ యద్భుతము ఇచ్చటనే జరిగినది. బిడ్డలు లేని ఫ్రాన్సు దేశస్థుడొకడు 1108లో శాంతియాగోకు పోయి మ్రొక్కుకొనగా కొడుకు గలిగెను. యాకోబు పేరే పెట్టిరి. కొడుకునకు పదునైదేండ్లు వచ్చిన పిమ్మట మ్రొక్కు చెల్లించుటకు తల్లిదండ్రులు వెంటబెట్టుకొని పోవుచుండగా ఈ యడవిలో పిల్లవాడు చనిపోయెను. అప్పుడు తల్లి యాకోబుతో పోట్లాడినది: ఇచ్చినవాడవు నీవే, తీసికొన్నవాడవు నీవే, మరల నీయకున్నచో నేనును వీనితో పూడ్చబడుదునని. పిల్లవాడు కన్నులు తెఱచెను. ఆ ఇరువదిరెండు కథలలో దేవతతో ఇట్లు తగవులాడిన తల్లి మాట నాకు మిక్కిలి సహజముగా దోచినది. సంతానము లేని స్త్రీలు హువాను సమాధికి మ్రొక్కుట తరువాతి కాలమున ఆచారమాయెను. కాస్తీలు రాణి ఇసబెల్లాయు 1477లో అచ్చటికి పోయెను.

మ్రొక్కు మనకును క్రొత్తది కాదు. పుట్టువెండ్రుకలు తీయించుటకు బిడ్డను చంకనెత్తుకొని అలిపిరి మెట్లెక్కిన తల్లులెందఱో. 1944లో కొండపైకి బండ్లబాట పడువరకు నడకయో, డోలీయో తప్ప వేఱు దారి లేకుండెను. నేటికిని మ్రొక్కున్నవారు నడచుచునే యున్నారు. మ్రొక్కు బిడ్డకొఱకు పుట్టినదా, బిడ్డను మ్రొక్కు మ్రింగినదా యని మాత్రము విచారింపవలసియుండును. గంగాసాగరమున తొలిచూలు బిడ్డను సముద్రమున కర్పించు మ్రొక్కులు వంగదేశమున జరుగుచుండగా, 1802లో వెల్లస్లీ ప్రభుత్వము దానిని హత్యగా శాసించి మాన్పవలసివచ్చెను. ఆ తల్లులును బిడ్డలను మోసికొని ఎన్నో దినములు ప్రయాణముచేసి యచ్చటికి పోయినవారే. ప్వాతూ తండ్రి మోతకును ఆ మోతకును హస్తిమశకాంతరము గలదు.

ఐతే బిడ్డలను ఇంట విడిచిపోయిన యాత్రికులు? వారే యెక్కువ. ఇంగ్లండులో మార్జరీ కెంప్ అను నామె 14 మంది బిడ్డలను గన్న తల్లి. 1417లో బ్రిస్టలు రేవున నోడ యెక్కి శాంతియాగోకు పోయి వచ్చెను. స్వీడను దేశపు బిర్గిత్తా ఎనిమిదిమంది తల్లి. 1341లో భర్తతో గూడ ఆ యాత్ర చేసెను. ఆమె ప్రభుకుటుంబమునకు చెందినది. పేదరాలికి యాత్రయన్నచో బిడ్డలను మోసికొనిపోవుటయో, యాత్రనే మానుకొనుటయో. మన దేశమున కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని సామెత పుట్టిన దినములలో చంటిబిడ్డల తల్లిని ఎవరు రమ్మందురు? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, నూఱుమంది పరివారముతో, డేరాలతో, బోయీలతో కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. పదునైదు నెలలు! అంత ధనము, అంత పరివారము గలవాడే ఏటిదాటులను, సుంకపుచౌకీలను గూర్చి అంత శ్రద్ధగా వ్రాసికొనెను. మ్రొక్కులు చెల్లకయే వృద్ధులైన స్త్రీలను గూర్చి ఏ చరిత్రకారుడు వ్రాయవలెను?

ప్వాతూ గృహస్థుని యాత్ర భక్తియాత్రయా, పలాయనమా యని కొందఱు ప్రశ్నింతురు. గ్రంథము దాచలేదు: చావును దప్పించుకొనుటకే పోయెను. నాకు దీనిలో దోషము కనబడదు. తన యూరిని విడిచిపోవుటకు సామాన్యునికి ఆ కాలమున తగిన కారణము కావలెను. యాత్రికుని దుస్తు, కఱ్ఱ, జోలె ఆ కారణమునిచ్చెను. యాత్రికుని యాకోబుగనే భావించి ఆదరింపుడని ఆ మార్గదర్శి తన కడపటి యధ్యాయమున బోధించినది. మహామారి వచ్చినప్పుడు ఇంట కూర్చుండి కర్మమని నిట్టూర్చిన తండ్రికంటె, బిడ్డలను గుఱ్ఱమెక్కించిన తండ్రియే మేలని నా మతము. భార్యను దక్కించుకొనలేకపోయెను, బిడ్డలను దక్కించుకొనెను.

సత్రములు నెమ్మదిగా పెరిగినవి. 1195 ప్రాంతమున ఎనిమిదవ అల్ఫాన్సో బుర్గోసులో రాజసత్రము కట్టించెను. 1499లో ఇసబెల్లా, ఫెర్దినాందులు శాంతియాగోలో దేవాలయము ప్రక్కనే యాత్రికులకు పెద్ద వైద్యశాలను దలపెట్టిరి. దిక్కులేని శిశువులకును అది తరువాత ఆశ్రయమాయెను. ఆ భవనము 1954 నుండి ధనికులు దిగు హోటలుగా నున్నది. పూటకూళ్లవారిని శపించిన గ్రంథముగూడ ఒకమారు దొంగలపాలైనది: 2011 జూలైలో దేవాలయపు భాండాగారము నుండి మాయమై, మఱుసటి జూలైలో, అచ్చటనే పూర్వము పనిచేసిన వాని కొట్టములో దొరకినది.

బాట మాత్రము నడుచుచునే యున్నది. 1993లో యునెస్కో స్పెయినులోని ఈ మార్గమును ప్రపంచవారసత్వములలో చేర్చినది. 2024లో యాత్రాపత్రమును బొందినవారు అయిదు లక్షలకు దరిదాపు. నడచిపోవువారు నూఱు కిలోమీటర్లైనను నడచిననే ఆ పత్రము. వీపున సంచిలో బిడ్డను కూర్చుండబెట్టుకొని, లేక చక్రముల తొట్టిలో నెట్టుకొని పోవు తలిదండ్రులు ఇప్పుడును గలరు. బల్లపఱపు దారులలో తొట్టి సాగును, కొండయెక్కుడులో ఎత్తుకొనవలసినదే. అర్థము చేసికొను వయస్సు రాని శిశువునకు ఆ కార్యాలయమువారు తలిదండ్రుల పత్రమునందే పేరు చేర్చుటయో, వేఱొక పత్రమిచ్చుటయో కలదు. 1100లో గుఱ్ఱమెక్కి బయలుదేరి తండ్రి వీపున కొంతదూరము, గాడిదపై కొంతదూరము పోయివచ్చిన ఆ ఇద్దరి పేర్లు ఎచ్చటను లేవు.